నర్సు చదువు, నర్సు అధికారం: నూటయాభై ఏళ్ల ప్రయాణం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషనులో దిగి చైతన్యపురి వైపు నాలుగడుగులు వేస్తే చాలు, శిక్షణా కేంద్రాల బోర్డులు వరుసగా పలకరిస్తాయి. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు, కంప్యూటరు కోర్సుల సరసన ఇప్పుడు నర్సింగ్ ఆఫీసరు పరీక్షలు, ఐఈఎల్‌టీఎస్, అమెరికాలో నర్సు లైసెన్సుకు రాయవలసిన ఎన్‌క్లెక్స్ కూడా చేరాయి. నల్లగొండ, ఖమ్మం, సూర్యాపేట జిల్లాలనుంచి వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉంటూ చదువుకునే ఆడపిల్లల్లో నర్సింగ్ పట్టభద్రులు తక్కువేమీ కారు. వారి తల్లిదండ్రులు నాబోటి విశ్రాంత వైద్యుణ్ణి చూడగానే వేసే ప్రశ్న ఒక్కటే: "పాప బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తి చేసింది డాక్టరుగారూ, ఎం.ఎస్సీ. చేయించమంటారా, అమెరికా పరీక్ష రాయించమంటారా?"

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. నర్సు ఎంత చదవాలి, చదివిన నర్సుకు ఏ పని అప్పగించాలి అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఈ రెండూ కొన్ని దేశాలలో కలిసి నడిచాయి. మన దేశంలో చాలాకాలం విడివిడిగా నడిచాయి. ఆ కథ తెలిస్తే మీ ఇంటి నిర్ణయం మీరే తీసుకోగలుగుతారు. పైగా ఇది నర్సుల కుటుంబాలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. రేపు మీరో, మీ కుటుంబంలోని వారో ఐసీయూలోనో ప్రసూతి గదిలోనో ఉన్నప్పుడు, అర్ధరాత్రి మీ పక్కన నిలబడే మనిషికి ఎంత తెలుసు, తెలిసినదానిలో ఎంతవరకు చేసే అనుమతి ఉంది అన్నదే అసలు విషయం.

ఉన్నతస్థాయి నర్సింగ్ అంటే ఏమిటి?

సాధారణంగా నర్సు వైద్యుడి ఆదేశాన్ని అమలుచేస్తుంది, రోగిని కనిపెట్టుకొని ఉంటుంది, మార్పు కనిపిస్తే కబురు చేస్తుంది. ఉన్నతస్థాయి నర్సు ఇంతటితో ఆగదు. రోగి చరిత్ర తానే తెలుసుకొని, శరీర పరీక్ష చేసి, అవసరమైన పరీక్షలు రాసి, తన పరిధిలోని జబ్బులకు చికిత్స మొదలుపెట్టి, పరిధి దాటిన రోగిని ఆలస్యం లేకుండా వైద్యుడికి అప్పగిస్తుంది. అమెరికాలో వీరిని నాలుగు తెగలుగా గుర్తించారు: నర్సు ప్రాక్టీషనర్లు, క్లినికల్ నర్సు స్పెషలిస్టులు, మత్తు ఇచ్చే నర్సులు, కాన్పులు చేసే నర్సు మిడ్‌వైఫ్‌లు.

అంతర్జాతీయ నర్సుల మండలి 2002లో ఈ పాత్రను నిర్వచించినప్పుడు, ఇందులో ప్రవేశానికి మాస్టర్స్ పట్టా ఉండటం మంచిదని సిఫారసు మాత్రమే చేసింది. 2020 నాటి మార్గదర్శకాలలో అదే మండలి మాస్టర్స్ పట్టాను కనీస అర్హతగా చెప్పింది. సిఫారసు నియమంగా మారడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. అంతకుముందరి ప్రయాణం దీనికంటే చాలా పెద్దది.

మద్రాసు, గుంటూరు, హైదరాబాదు

మన దేశంలో క్రమపద్ధతిలో నర్సు శిక్షణ 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో మొదలైంది. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే గనుక ఇది తెలుగువారి చరిత్రలోనూ భాగమే. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు డాక్టర్ అన్నా శారా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీలు, పిల్లల కోసం ఆసుపత్రి తెరిచారు. అలాంటి మిషను ఆసుపత్రులలోనే తెలుగు అమ్మాయిలు నర్సు పని నేర్చుకున్నారు. పురుడు, రక్తం, మలమూత్రాలు అంటు అనుకునే సమాజంలో ఆ పనికి ముందుకు వచ్చినవారు ఎక్కువగా పేద క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు, వితంతువులు. ఈ వృత్తికి దక్కవలసిన గౌరవం ఆలస్యంగా దక్కడానికి ఆ సామాజిక మూలాలు కూడా ఒక కారణమని గ్రహించడం అవసరం.

ఇటు హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1846లోనే వైద్యపాఠశాల స్థాపించింది. బోధన ఉర్దూలో సాగేది. క్లోరోఫాం మత్తు ప్రమాదకరమా కాదా అని తేల్చడానికి 1888, 1889 సంవత్సరాలలో రెండు కమిషన్లు పనిచేసింది ఈ నగరంలోనే. వాటిని నడిపించిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ వద్ద చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ రోగులకు క్లోరోఫాం ఇచ్చి, ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా పేరుపొందారు. ఆమె వైద్యవిద్య చదివినవారు. దాదాపు అదే కాలంలో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మత్తు ఇస్తూ పేరు గడించిన ఆలిస్ మగా నర్సు. 14,000 మందికి మత్తు ఇచ్చి ఒక్క మరణం కూడా జరగలేదని 1906లో ఆమె ప్రచురించారు. ఒకే పని అక్కడ నర్సింగులో ఒక శాఖగా ఎదిగింది, ఇక్కడ వైద్యశాస్త్రంలో ఒక శాఖగా ఎదిగింది. ఏ వృత్తికి ఏ పని చెందుతుందన్నది ప్రకృతి నిర్ణయించేది కాదు. అది చరిత్ర, చట్టం, అలవాటు కలిసి నిర్ణయించేది.

నర్సులు తమకు తాము సంఘటితమైంది 1908లో, ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాతో. నర్సులను, మంత్రసానులను రిజిస్టరు చేసే మొదటి ప్రాంతీయ చట్టం 1926లో మద్రాసులో వచ్చింది. దేశం మొత్తానికీ ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరమే, 1947 డిసెంబరు చివరిరోజున అమలుకు ఆమోదం పొందింది.

పట్టా వచ్చింది, కానీ ఎక్కడికి వెళ్లింది?

1946లో భోర్ కమిటీ తన నివేదిక ఇచ్చేనాటికి దేశంలో ఉన్న నర్సులు సుమారు 7,000 మంది. అంటే 43,000 మంది జనాభాకు ఒకరు. అదే ఏడాది ఢిల్లీలోను, వెల్లూరులోను బి.ఎస్సీ. నర్సింగ్ మొదలైంది. అంతవరకు ఆసుపత్రి వార్డులలో పనిచేస్తూ నేర్చుకునే విద్య విశ్వవిద్యాలయం మెట్లెక్కింది. 1959లో ఢిల్లీ నర్సింగ్ కళాశాలలో రెండేళ్ల మాస్టర్స్ కోర్సు వచ్చింది. ఆ కళాశాల పేరే ఇప్పుడు రాజకుమారి అమృత్‌కౌర్ నర్సింగ్ కళాశాల. 1986లో విజయవాడ కేంద్రంగా ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నర్సింగ్ కళాశాలలు ఒక గొడుగు కిందికి వచ్చాయి. తెలంగాణ ఏర్పడిన తరువాత ఇక్కడి కళాశాలలు వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలోకి మారాయి.

ఎం.ఎస్సీ. నర్సింగ్‌లో చేరాలంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం బి.ఎస్సీ. లేదా పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్‌లో 55 శాతం మార్కులు, ఏడాది పని అనుభవం, రిజిస్ట్రేషను ఉండాలి. మెడికల్ సర్జికల్, ప్రసూతి, పిల్లలు, మానసిక ఆరోగ్యం, సామాజిక ఆరోగ్యం అని ఐదు ప్రత్యేక శాఖలు ఉన్నాయి. చూడటానికి ఇది మా వైద్యుల ఎం.డి. వంటిదే అనిపిస్తుంది. అయితే ఎం.డి. చదివిన వైద్యుడు తిరిగి రోగి దగ్గరికే వస్తాడు. ఎం.ఎస్సీ. చదివిన నర్సు మాత్రం చాలావరకు కళాశాలకు వెళ్లిపోతుంది.

ఇందులో ఆమె తప్పేమీ లేదు. ప్రైవేటు నర్సింగ్ కళాశాలలు వేగంగా పెరిగిన కాలంలో బోధకుల కొరత ఏర్పడింది. ఎం.ఎస్సీ. పట్టా బోధనలో పై పదవులకు తప్పనిసరి అర్హత. వార్డులో మాత్రం ఆ పట్టాకు ప్రత్యేకమైన హోదా గాని, ప్రత్యేకమైన పని గాని చాలాచోట్ల లేవు. జి.ఎన్.ఎం. చదివిన నర్సు, ఎం.ఎస్సీ. చదివిన నర్సు ఒకే డ్యూటీ చార్టులో ఒకే రకమైన పని చేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులలో నేను పనిచేసిన దశాబ్దాలలో ఎందరో నర్సులను చూశాను. పేగు మెలిపడిన రోగిని ముఖం చూసి పసిగట్టగలిగిన సిస్టర్లు ఉండేవారు. వారి అనుభవాన్ని మేము ప్రతిరోజూ వాడుకున్నాం. దానికి ఒక పేరు, ఒక హోదా, ఒక అనుమతిపత్రం మాత్రం వ్యవస్థలో లేవు.

అమెరికాలో మెట్లు పెరిగిన తీరు

అమెరికాలో కథ మరోలా నడిచింది. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెటా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి మొదటి నర్సు ప్రాక్టీషనర్ శిక్షణ ప్రారంభించారు. వైద్యులు చాలని గ్రామీణ ప్రాంతాలలో, పేద కాలనీలలో పిల్లల ఆరోగ్యం చూసే మనిషి కావాలి. ఆ అవసరంలోంచే ఈ పాత్ర పుట్టింది. తొలినాళ్లలో ఇవి కొద్ది నెలల సర్టిఫికెట్ కోర్సులే. పని విజయవంతమైన తరువాత, బాధ్యత పెరిగినకొద్దీ చదువు పెరిగింది. 1990ల నాటికి మాస్టర్స్ పట్టా సాధారణ నియమమైంది.

2004లో అమెరికన్ నర్సింగ్ కళాశాలల సంఘం మరో మెట్టు ప్రతిపాదించింది. 2015 నాటికి ఉన్నతస్థాయి నర్సులందరికీ క్లినికల్ డాక్టరేటు, అంటే డి.ఎన్.పి. ఉండాలన్నది. ఆ గడువు నెరవేరలేదు. 2018లో నర్సు ప్రాక్టీషనర్ అధ్యాపకుల సంస్థ 2025ను కొత్త లక్ష్యంగా ప్రకటించింది. మత్తు ఇచ్చే నర్సుల శాఖ మాత్రం అనుకున్నంతా చేసింది. 2022 జనవరి 1 నుంచి అందులో చేరే ప్రతి విద్యార్థీ డాక్టరేటు కోర్సులోనే చేరాలి. నర్సు ప్రాక్టీషనర్లకు మాస్టర్స్ దారి ఇంకా మూసుకుపోలేదు.

ఇక్కడ మీరు గుర్తుంచుకోవలసినది ఒకటుంది. ఆ దేశంలో పట్టా ఒక్కటే చాలదు. ముందు రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు, తరువాత గుర్తింపు పొందిన కోర్సులో తాను ఎంచుకున్న శాఖలో మాస్టర్స్ లేదా డాక్టరేటు, ఆపైన జాతీయస్థాయి సర్టిఫికేషను, చివరగా తానున్న రాష్ట్రం ఇచ్చే ఉన్నతస్థాయి లైసెన్సు: ఈ నాలుగు మెట్లూ ఎక్కాలి. అంత ఎక్కినా కొన్ని రాష్ట్రాలలో స్వతంత్రంగా చికిత్స చేయవచ్చు, మరికొన్నింటిలో వైద్యుడితో ఒప్పందం తప్పనిసరి.

మనం పోగొట్టుకున్న మంత్రసాని, తిరిగి వచ్చిన మిడ్‌వైఫ్

మన దగ్గర ఉన్నతస్థాయి నర్సింగ్ ప్రాణం పోసుకున్నది కాన్పు గదిలో. దానికి ముందు ఒక నష్టం జరిగింది. ఊళ్లలో కాన్పులు చేయడమే ప్రధాన వృత్తిగా ఏ.ఎన్.ఎం.లను రెండేళ్లపాటు తయారుచేసేవారు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ సిఫారసులతో వారు బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్తలుగా మారారు. 1977లో శిక్షణ పద్దెనిమిది నెలలకు తగ్గింది. టీకాలు, కుటుంబ నియంత్రణ, సర్వేలు, రిజిస్టర్లు పెరిగాయి. పురుడు పోసే నైపుణ్యం చేతులలోనుంచి జారిపోయింది. ఇళ్లలో కాన్పులు తగ్గి ఆసుపత్రి కాన్పులు పెరగడం మంచిదే. ఆసుపత్రిలో మాత్రం సహజ కాన్పుకు ఓపికగా పక్కన కూర్చునే వృత్తి నిపుణురాలు లేకుండా పోయింది.

ఫలితం అంకెలలో చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో తెలంగాణలో జరిగిన కాన్పులలో 57.7 శాతం సిజేరియన్లు. 2019-21 నాటికి అవి 60.7 శాతానికి చేరాయి. ప్రైవేటు ఆసుపత్రులలో ఈ శాతం 81.5, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5. దేశ సగటు 21.5 మాత్రమే. అవసరమైన చోట సిజేరియన్ తల్లినీ బిడ్డనూ కాపాడే గొప్ప శస్త్రచికిత్స. అవసరం లేనిచోట చేస్తే తల్లికి రక్తస్రావం, చీము, తరువాతి కాన్పులో మాయ కిందికి అతుక్కుపోవడం వంటి ముప్పులు కొనితెచ్చుకున్నట్టే.

ఈ నేపథ్యంలో హైదరాబాదులో 1948 నుంచి ప్రసూతి సేవలు అందిస్తున్న ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో వృత్తిపరమైన మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ సంస్థతోను, యునిసెఫ్‌తోను కలిసి 30 మంది ప్రభుత్వ నర్సులకు కరీంనగర్‌లో పద్దెనిమిది నెలల శిక్షణ ప్రారంభించింది. ప్రసవవేదనలో ఉన్న స్త్రీని నడిపించడం, అనుకూలమైన భంగిమలు ఎంచుకోనివ్వడం, బిడ్డ గుండె చప్పుడు క్రమం తప్పకుండా వినడం, ప్రమాద సూచన కనిపించగానే వైద్యుణ్ణి పిలవడం వారు నేర్చుకున్నారు. 2018 డిసెంబరులో కేంద్రప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. నర్సు ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అనే పేరు అధికారికంగా స్థిరపడింది.

గమనించారా? ఇది మాస్టర్స్ పట్టా కాదు, పోస్ట్ బేసిక్ డిప్లొమా. పని ముందు వచ్చింది, పట్టా ఇంకా రాలేదు. కొలరాడోలో 1965లో జరిగినదీ అదే. ఎం.ఎస్సీ. విషయంలో జరిగింది దీనికి విలోమం. అక్కడ పట్టా ముందు వచ్చింది, పని నేటికీ రాలేదు.

ఐసీయూలో మరో దారి

రెండో ప్రయత్నం అత్యవసర చికిత్సలో జరిగింది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2016-17 ప్రాంతంలో నర్సు ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే రెండేళ్ల స్నాతకోత్తర రెసిడెన్సీ కోర్సుకు రూపమిచ్చింది. బి.ఎస్సీ. నర్సింగ్, ఏడాది అనుభవం ఉన్నవారు అర్హులు. పాత ఎం.ఎస్సీ.కీ దీనికీ ప్రధాన భేదం ఏమిటంటే, ఇందులో సమయంలో అత్యధిక భాగం రోగి పడక దగ్గరే గడుస్తుంది. వెంటిలేటరు అమరికలు, రక్తంలోని ఆమ్లజని, బొగ్గుపులుసు వాయువుల లెక్కలు, గుండె లయ తప్పడాన్ని గుర్తించడం అన్నీ పడక పక్కనే నేర్చుకోవాలి. ఆసుపత్రి ఆమోదించిన లిఖిత నియమావళి మేరకు చికిత్స మొదలుపెట్టడం కూడా అందులో భాగమే.

2020, 2021 సంవత్సరాలలో గాంధీ ఆసుపత్రి మొత్తం కోవిడ్ కేంద్రంగా మారినప్పుడు ఇలాంటి నర్సు విలువ ఏమిటో అందరికీ తెలిసివచ్చింది. వెంటిలేటర్లను డబ్బుతో కొనగలిగాం. వాటిని రాత్రంతా కనిపెట్టుకొని ఉండగల శిక్షితులను రాత్రికి రాత్రి కొనలేకపోయాం.

చట్టం ఎక్కడ నిలిచింది?

2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. 1947 నాటి చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం పేరులోనే మిడ్‌వైఫరీకి చోటు దక్కడం చిన్న విషయం కాదు. అయినా మందుల చీటీ రాసే అధికారం మన చట్టాలలో ప్రధానంగా రిజిస్టర్డ్ వైద్యుడిదే. నర్సు ప్రాక్టీషనర్ ఆసుపత్రి నియమావళి నీడలోనే పనిచేయాలి. ఆమెకు ప్రత్యేక పోస్టు, ప్రత్యేక వేతనశ్రేణి, పనిలో పరిధి, పొరపాటు జరిగితే బాధ్యత ఎవరిది అన్న స్పష్టత, ఈ నాలుగూ ఒకేసారి సమకూరితేగాని కోర్సు నిలబడదు. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ను మరుసటి నెల జనరల్ వార్డుకు బదిలీ చేస్తే, ఆ శిక్షణకు పెట్టిన ఖర్చు మూసీలో కలిపినట్టే.

వైద్యులలో కొందరికి దీనిపై అభ్యంతరాలున్నాయి. తక్కువ చదువుతో వైద్యం చేస్తే పేదవాడికి రెండోరకం వైద్యం దక్కుతుందన్న భయం తోసిపుచ్చదగినది కాదు. దానికి సమాధానం నర్సును ఆపడం మాత్రం కాదు. చదువును, పరీక్షను, పరిధిని గట్టిగా నిర్ణయించడమే. చదువు లేని అధికారం ప్రమాదం. అధికారం లేని చదువు వృథా.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉన్న స్థలంలో 1000 పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. మన ప్రాంతవాసులు దానిపై ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. అంతస్తులు, యంత్రాలు ఎన్ని అని అడుగుతాం. ప్రతి ఐసీయూలో రాత్రివేళ ఎందరు శిక్షిత నర్సులుంటారు అని కూడా అడగడం నేర్చుకోవాలి.

మీ నిర్ణయానికి కొన్ని సూచనలు

మొదటిది: అధ్యాపకురాలు కావాలన్న కోరిక ఉంటే ఎం.ఎస్సీ. నర్సింగ్ సరైన దారి. రోగి దగ్గరే ఉంటూ ఎదగాలనుకుంటే క్రిటికల్ కేర్ లేదా మిడ్‌వైఫరీ ప్రాక్టీషనర్ కోర్సుల గురించి విచారించండి. చేరేముందు ఆ కళాశాలకు ఆ కోర్సుకు ప్రత్యేకంగా గుర్తింపు ఉన్నదో లేదో కౌన్సిల్ జాబితాలో చూసుకోండి. కళాశాలకు ఉన్న గుర్తింపు ప్రతి కోర్సుకూ వర్తించదు.

రెండవది: మన ఎం.ఎస్సీ. పట్టాతో నేరుగా అమెరికాలో నర్సు ప్రాక్టీషనర్ కాలేరు. ముందు ఎన్‌క్లెక్స్ రాసి రిజిస్టర్డ్ నర్సు కావాలి, తరువాత అక్కడ గుర్తింపు ఉన్న కోర్సు చదవాలి. "ఇక్కడ ఎం.ఎస్సీ. చేయండి, అక్కడ ప్రాక్టీషనర్ కండి" అని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మి పొలం అమ్ముకోకండి.

మూడవది: బ్రిటన్ వంటి దేశాలలోనూ ఉన్నతస్థాయి అంటే మాస్టర్స్ స్థాయి చదువుతోపాటు ఏళ్ల తరబడి క్లినికల్ అనుభవం అడుగుతారు. డిగ్రీ చేతికి రాగానే మళ్లీ పుస్తకాలలో కూర్చోవడంకంటే రెండుమూడేళ్లు మంచి వార్డులో పనిచేయడం ఎక్కడికి వెళ్లినా అక్కరకొస్తుంది.

నాలుగవది కాన్పుకు సిద్ధమవుతున్న కుటుంబాలకు: మీ ఆసుపత్రిలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉన్నారా, సహజ కాన్పుకు ఎంతసేపు అవకాశం ఇస్తారు, సిజేరియన్ అవసరమైతే ఏ కారణంతో చేస్తారు అని ఏడో నెలలోనే అడగండి. అడగడం అగౌరవం కాదు. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

1871లో మద్రాసు వార్డులలో దీపం పట్టుకొని నడిచిన తొలి విద్యార్థినులకు ఈనాటి డాక్టరేట్ల సంగతి ఊహకైనా అంది ఉండదు. వారు మొదలుపెట్టిన పని మాత్రం మారలేదు: రోగిని చూడటం, చూసినదాన్ని అర్థం చేసుకోవడం, వేళ దాటకముందే చేయవలసింది చేయడం. మీ అమ్మాయి ఏ పట్టా తెచ్చుకున్నా, ఈ మూడింటిలో దేనిని అది బలపరుస్తుందో ముందుగా అడిగి తెలుసుకోండి.